బైబిల్‌లో నగలు, అందం, అలంకారం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా స్త్రీల కూడికలో పదిహేనేళ్లుగా నన్ను ఎక్కువమంది అడిగిన సందేహాలివి. కొందరు అందరి ముందూ అడిగారు. చాలామంది మాత్రం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునే చోట, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు. అంత భయపడి అడగాల్సిన సంగతులు కావివి. అందుకే వాక్యం దగ్గర పెట్టుకుని, నాకు అర్థమైనంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

సూటిగా చెప్పండి. నగలు పెట్టుకోవడం పాపమని బైబిల్ అంటోందా?

అనడం లేదు. అలాగని బైబిల్‌కి నగలతో ఏ పేచీ లేదన్నా అది నిజం కాదు. అదే బంగారం ఒకచోట పెళ్లికూతురికి కానుక, ఒకచోట దేవుని గుడారానికి అర్పణ, ఇంకోచోట దూడ విగ్రహం, మరోచోట పేదవాడి ఇంటి నుంచి దోచుకొచ్చిన సొమ్ము. ఈ మాటలన్నీ ఒకే మాటని చూపించాలని లాగి కలిపితే ఏదో ఒక వచనం నోరు నొక్కాల్సి వస్తుంది. నేను ఆ పని చేయను. ఏ మాట ఎవరితో, ఏ పరిస్థితిలో అన్నారో చూద్దాం.

పాత నిబంధనలో భక్తిగలవాళ్లు నగలు పెట్టుకున్నారా?

పెట్టుకున్నారు, నిండుగానే. ఆదికాండము 24లో అబ్రాహాము దాసుడు ఇస్సాకుకి పెళ్లికూతుర్ని వెతుకుతూ వెళ్తాడు. రిబ్కా అతని పది ఒంటెలకీ బావి నుంచి నీళ్లు తోడి పోస్తుంది. ఒంటెలు తాగడం అయ్యాక అతను అరతులం ముక్కుకమ్మి, పది తులాల ఎత్తుగల రెండు కడియాలు తీస్తాడు. మన తెలుగు బైబిల్‌లో "తులం" అని చదివేది హీబ్రూలో షెకెలు. షెకెలు సుమారు 11.4 గ్రాములు, పాత తులం 11.66 గ్రాములు. అనువదించినవాళ్లు ఎంత దగ్గరి మాట పట్టుకున్నారో చూడండి. ఆ కడియాలు ఇప్పటి లెక్కలో 114 గ్రాములు. ఆ ముక్కుకమ్మి తనే ఆమె ముక్కుకి పెట్టానని దాసుడు తర్వాత వాళ్ల ఇంట్లో చెబుతాడు. దేవుడు తన ప్రయాణం సఫలం చేశాడని సాగిలపడి మొక్కింది కూడా ఈ మనిషే. నగ ఇవ్వడానికీ మొక్కడానికీ మధ్య అతనికి ఏ అడ్డూ కనబడలేదు.

ఫరో యోసేపు మెడలో బంగారు గొలుసు వేయించాడు. యోబు కష్టాలు తీరాక బంధువులు ఒక్కొక్కరు ఒక్కో బంగారు ఉంగరం తెచ్చి ఇచ్చారు. సౌలు చనిపోయినప్పుడు దావీదు పాడిన విలాపగీతంలో, మీ వస్త్రాల మీద బంగారు నగలు పెట్టినవాడి కోసం ఏడవండని ఇశ్రాయేలు ఆడపిల్లలతో అంటాడు.

అన్నిటికంటే నన్ను ఆపేసేది యెహెజ్కేలు 16. అక్కడ దేవుడే యెరూషలేముకి నగలు పెడతాడు. పుట్టిన రోజే పొలంలో పారేసిన ఆడపిల్లను తీసుకుని, పెంచి, చేతులకి కడియాలు, మెడకి గొలుసు, ముక్కుకి కమ్మి, చెవులకి పోగులు, తలకి కిరీటం పెట్టానంటాడు. నగలే అపవిత్రమైతే దేవుడు తన ప్రేమ చెప్పుకోడానికి ఈ బొమ్మ ఎందుకు గీస్తాడు? అదే అధ్యాయంలో కాస్త కిందికి వస్తే, నేనిచ్చిన ఆ బంగారంతోనే విగ్రహాలు చేసుకున్నావని నిలదీస్తాడు. ఈ రెండూ పది వచనాల తేడాలో ఉన్నాయి.

బంగారు దూడ చేసింది చెవిపోగులతోనే కదా?

అవును. నిర్గమకాండము 32లో అహరోను "మీ భార్యలకు, మీ కుమారులకు, మీ కుమార్తెలకు" ఉన్న పోగులు తెమ్మంటాడు. కుమారులకి కూడా అన్న మాట దాటేయకండి, తర్వాత పనికొస్తుంది. గిద్యోను కూడా యుద్ధం గెలిచి, దోపుడు సొమ్ములోని పోగులు అడిగి తీసుకున్నాడు. 1,700 తులాలు, అంటే 19 కిలోల పైమాటే. దానితో ఏఫోదు, అంటే యాజకులు వేసుకునే పైవస్త్రం లాంటిది, చేయించి ఊళ్లో పెడితే అదే అతని ఇంటికి ఉరి అయిందని న్యాయాధిపతులు 8 చెబుతుంది.

కానీ నిర్గమకాండము 35కి రండి. అదే జనం, మగవాళ్లూ ఆడవాళ్లూ, ఉంగరాలు, పోగులు, బంగారు నగలు తెచ్చి గుడారానికి ఇచ్చారు. 38లో స్త్రీలు ఇచ్చిన అద్దాలతో గంగాళం చేశారు. అప్పట్లో అద్దమంటే మెరుగు పెట్టిన ఇత్తడి లేదా కంచు. ఇక యాజకులు చేతులు కడుక్కునేది ఆ అద్దాలతో చేసిన గంగాళం దగ్గరే. ఒక స్త్రీ తన అద్దం తీసి ఇవ్వడం ఎంత పెద్ద సంగతో రోజూ అద్దం ముందు నిలబడేవాళ్లకి తెలుస్తుంది.

హోరేబు దగ్గర నగలు తీసేయమని దేవుడే చెప్పాడు కదా? అది ఎప్పటికీ వర్తించదా?

నిర్గమకాండము 33:5-6 చూపించి నన్ను చాలాసార్లు అడిగారు. దూడ పాపం తర్వాత జనం దుఃఖంలో ఉన్నారు. దుఃఖంలో నగలు తీయడం ఆ కాలపు ఆచారం, మనకీ కొత్త కాదు. అది శాశ్వత నియమమే అయితే రెండు అధ్యాయాల తర్వాత గుడారానికి ఇవ్వడానికి వాళ్ల దగ్గర నగలు ఉండకూడదు. సంఖ్యాకాండము 31లో సైనికాధికారులు గొలుసులు, కడియాలు, ఉంగరాలు, పోగులు తెచ్చినప్పుడు మోషే వాటిని పారేయమనలేదు, అర్పణగా తీసుకున్నాడు. తీసేసిన ఆ రోజు నిజం. పశ్చాత్తాపం నిజం. దాన్ని అందరికీ, అన్ని కాలాలకీ చట్టం చేయడం మాత్రం ఆ కథ మోయలేని బరువు.

యెషయా 3లో ఆడవాళ్ల నగల చిట్టా చదివి తిడతారు. దానికేమంటారు?

ఈ అధ్యాయం చదవాల్సిందే. అయితే 16వ వచనం నుంచి కాదు, 13 నుంచి.

కాళ్ల గొలుసులు, చంద్రవంకలు, కడియాలు, ఒడ్డాణాలు, పరిమళద్రవ్యాల బరిణెలు, రక్షరేకులు, ముక్కుకమ్ములు, చేతి అద్దాలు, పైటలు, శాలువలు. చదువుతుంటే బెజవాడ గవర్నర్‌పేటలో ఒక నగల షాపు ముందు నిలబడినట్టే ఉంటుంది. మొత్తం ఇరవై పైచిలుకు వస్తువులు. దేవుడు ఇవన్నీ తీసేస్తానంటున్నాడు. ఎందుకు? దానికి ముందు వచనాల్లో దేవుడు న్యాయసభలో నిలబడి పెద్దల మీద, అధిపతుల మీద నేరం మోపుతున్నాడు. ద్రాక్షతోటను మీరే తినేశారు, పేదల దగ్గర దోచిన సొమ్ము మీ ఇళ్లలోనే ఉంది, బీదల ముఖాలు నూరుతారా అని అడుగుతున్నాడు. ఆ వెంటనే ఆ ఇళ్ల ఆడవాళ్లు మెడ చాచి, కాళ్ల గొలుసులు గల్లుగల్లుమనిపిస్తూ వీధిలోకి వస్తారు.

తెలుగులో సొమ్ము అంటే డబ్బూ అవుతుంది, నగా అవుతుంది. "సొమ్ములు పెట్టుకుంది" అని మా అమ్మమ్మ అనేది. యెషయా మాట ఆ రెండర్థాల మధ్యే పడుతుంది. దోచిన సొమ్ము మెడలో సొమ్మై వేలాడుతోంది. గల్లుమన్న ప్రతిసారీ దాని వెనక ఒక కౌలురైతు ఉన్నాడు. అందుకే ఈ అధ్యాయం మీద ప్రసంగం చేసేవాళ్లు ఆడవాళ్ల గొలుసుల దగ్గర ఆగిపోయి, వాటిని తెచ్చిన మగవాళ్లని వదిలేస్తే నాకు బాధేస్తుంది. నేరం మొదట చదివి వినిపించింది మగవాళ్లకే.

కొత్త నిబంధన సంగతేంటి? 1 తిమోతి 2:9, 1 పేతురు 3:3 స్పష్టంగా వద్దంటున్నాయి కదా?

ఇవే అసలు వచనాలు, కాస్త ఓపికగా చూద్దాం.

"జడలతోనైనను బంగారముతోనైనను ముత్యములతోనైనను మిగుల వెలగల వస్త్రములతోనైనను" అలంకరించుకోకుండా సత్‌క్రియలతో అలంకరించుకోవాలని పౌలు రాశాడు. తిమోతి ఉన్నది ఎఫెసులో. డబ్బున్న రోమా పట్టణం. అక్కడ గొప్పింటి స్త్రీల జడంటే మనం పిల్లలకి వేసే జడ కాదు. పాయలు పాయలుగా పేర్చి, మధ్య బంగారం కూర్చి, దాసీలు గంటలకొద్దీ కట్టేది. ముత్యాలు అప్పటి రోములో బంగారాన్ని మించిన విలాసం. చక్రవర్తి కాలిగులా భార్యగా ఉండిన లోలియా పౌలీనా ఒక నిశ్చితార్థ విందుకి తల, చెవులు, మెడ, వేళ్లు అన్నీ పచ్చలతో, ముత్యాలతో నింపుకుని రావడం తను చూశానని రోమా రచయిత ప్లినీ రాశాడు. వాటి విలువ 4 కోట్ల సెస్టెర్సులు. అప్పుడు రోమా సిపాయి ఏడాది జీతం 900 సెస్టెర్సులు. ఆ ఒక్క అలంకారం ఒక సిపాయికి 44 వేల ఏళ్ల జీతం.

సంఘం కూడుకునేది ఇళ్లలో. ఒకే గదిలో యజమానురాలు, ఆమె దాసి, రేవులో మూటలు మోసే కూలి. పౌలు మాట ఆ గదిలో పెట్టి వినండి. పక్కన కూర్చున్న దాసి తన చేతులతో మూడు గంటలు కట్టిన జడతో ప్రార్థనకి రావద్దంటున్నాడు. నాకు అలా వినిపిస్తుంది.

ఇక పేతురు. అవిశ్వాసులైన భర్తలున్న స్త్రీలతో మాట్లాడుతూ, "జడలు అల్లుకొనుటయు, బంగారునగలు పెట్టుకొనుటయు, వస్త్రములు ధరించుకొనుటయు" అనే వెలుపటి అలంకారం కాకుండా హృదయపు అంతరంగ స్వభావం మీకు అలంకారంగా ఉండాలంటాడు. మూడో మాట చూశారా? ఖరీదైన వస్త్రాలు అనలేదు. వస్త్రాలు ధరించుకోవడం అన్నాడు. గ్రీకులో కూడా అంతే. ఇది పూర్తి నిషేధమైతే బట్టలూ నిషేధమే అవ్వాలి. అలా ఎవరూ చదవరు. కాబట్టి పేతురు అంటున్నది, మీ అందం అక్కడ కాదు, ఇక్కడ ఉండాలని. హీబ్రూ ఆలోచనలో ఈ తీరు చాలా మామూలు. "నేను బలిని కోరను, కనికరమునే కోరుచున్నాను" అంటాడు హోషేయ 6:6లో. దానర్థం బలిపీఠం పగలగొట్టమని కాదు. క్షయమైన ఆహారం కోసం కష్టపడకండి అని యేసు అన్నప్పుడు పొలం పని మానేయమని ఎవరూ అనుకోరు.

ఇంకొకటి. బంగారం వద్దని గట్టిగా పట్టుబట్టే ఇళ్లలో కూడా ఆదివారం పొద్దున అమ్మ కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి, రిబ్బను పెట్టి రెండు జడలు వేస్తుంది. వచనంలో మొదటి మాటే జడ. దాన్ని సందర్భం చూసి చదివినప్పుడు పక్కనున్న బంగారాన్ని కూడా సందర్భం చూసే చదవాలి.

ఇంతమాత్రాన ఈ వచనాల పదును పోయిందనుకోవద్దు. పోలేదు. పెళ్లి మాటల్లో "అమ్మాయికి ఎన్ని తులాలు పెడుతున్నారు?" అని క్రైస్తవ కుటుంబాలు అడుగుతున్నంత కాలం, దానికోసం తండ్రి వడ్డీకి అప్పు తెస్తున్నంత కాలం పౌలు మాట మన మధ్యే నిలబడి ఉంది. కూతురి చెవుల పోగులు చూసి కోప్పడి, కట్నంలో తులాలు లెక్కపెట్టుకునే సంఘం ఈ వచనాన్ని తలకిందులుగా చదివింది.

ఇవన్నీ ఆడవాళ్లకే చెప్పారా?

కాదు. యాకోబు 2:2లో బంగారు ఉంగరం పెట్టుకుని, మంచి బట్టలు వేసుకుని సమాజమందిరంలోకి వచ్చేది మగవాడు. గ్రీకు మాటని అక్షరాలా తీసుకుంటే "బంగారు వేళ్లవాడు". అతనికి ముందు కుర్చీ, మాసిన బట్టల పేదవాడికి కాళ్ల దగ్గర చోటు. యాకోబు కోపం ఉంగరం మీద కాదు, ఉంగరం చూసి కుర్చీ వేసినవాళ్ల మీద. అబ్షాలోముకి తన జుట్టంటే ఎంత పేరో 2 సమూయేలు 14 చెబుతుంది, ఏడాదికోసారి కత్తిరించి తూచితే 200 తులాలట. తూరు రాజుతో "నీ సౌందర్యము చూచుకొని నీవు గర్వించినవాడవై" అంటాడు యెహెజ్కేలు. వీళ్లందరూ మగవాళ్లే. అలంకారం మీద ప్రసంగం చేసే రోజు చేతి వాచీ, కారు, ఫోను కూడా లెక్కలోకి రావాలి.

మరి నగలు తీసేయాలనే నియమం మన సంఘాల్లోకి ఎలా వచ్చింది?

చాలా పాత దారే. క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత స్త్రీల అలంకారం మీద కఠినంగా రాశాడు. అదే కాలంలో అలెగ్జాండ్రియాలో క్లెమెంతు అనే సంఘ బోధకుడు, ముద్ర వేయడానికి ఒక ఉంగరం ఉండొచ్చు, దాని మీద పావురమో చేపో ఓడో లంగరో ఉండాలి అన్నాడు. అంటే అప్పటికే రెండు దారులున్నాయి.

మన వరకు వచ్చిన దారి ఇంగ్లండు నుంచి. 1744లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ తన చిన్న గుంపులకి ఇచ్చిన నియమాల్లో ఉంగరాలు, పోగులు, గొలుసులు లాంటి అనవసర అలంకారాలు వద్దన్నాడు. ఆయన మనసులో ఉన్నది పేదలు. ఖరీదైన బట్టకి పెట్టే ప్రతి పైసా ఆకలితో ఉన్నవాడి దగ్గర తీసుకున్నదే అని గట్టిగా నమ్మాడు. ఆ ఒరవడి అమెరికాలో 19వ శతాబ్దపు పరిశుద్ధత ఉద్యమంలోకి, అక్కడి నుంచి 20వ శతాబ్దం మొదట్లో పెంతెకొస్తు సంఘాల్లోకి వెళ్లింది. ఆ సంఘాల ద్వారా మన ఊళ్లకి వచ్చింది. దారిలో నియమం మిగిలింది, దాని వెనక ఉన్న పేదవాడు చాలాచోట్ల జారిపోయాడు. నాకున్న బాధల్లో ఇదొకటి.

బాప్తిస్మం తీసుకోవాలంటే నగలు తీసేయాలా?

అపొస్తలుల కార్యములలో ఏ బాప్తిస్మం దగ్గరా ఆ షరతు లేదు. 16వ అధ్యాయంలో లూదియ ఊదారంగు బట్టల వ్యాపారి. ఊదారంగు అప్పట్లో డబ్బున్నవాళ్ల బట్ట. ఆమె, ఆమె ఇంటివాళ్లు బాప్తిస్మం పొందారు. కొట్టు మూసేయమని పౌలు అన్నట్టు రాయలేదు. యొర్దాను దగ్గర "మేమేమి చేయవలెను" అని అడిగినవాళ్లకి యోహాను చెప్పినవి వేరే. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి, సుంకరి ఎక్కువ వసూలు చేయకూడదు, సిపాయి ఎవర్నీ బెదిరించి డబ్బు గుంజకూడదు. తొలి శతాబ్దాల బాప్తిస్మ క్రమం ఒకదానిలో స్త్రీలు జుట్టు విప్పి, బంగారం తీసి నీళ్లలోకి దిగాలని ఉంది. అది నీళ్లలోకి దిగే క్షణానికి సంబంధించిన మాట.

మా అమ్మ బాప్తిస్మం నాకు గుర్తుంది. నాకు ఎనిమిదేళ్లు. కాలువ గట్టు మీద నిలబడి కమ్మలు తీసి, నా చేతిరుమాలులో మూట కట్టి నాకిచ్చింది. గట్టిగా పట్టుకోమంది. తడి బట్టలతో పైకి వచ్చాక ఆమె ముఖంలో ఉన్న సంతోషాన్ని నేను ఎవరు చెప్పినా కాదనను. ఆ కమ్మలు నా ఇంటర్ ఫీజుకి అమ్మేశారు. అయితే చాలా ఏళ్లపాటు రాత్రిపూట అమ్మ చెవి రంధ్రంలో చీపురు పుల్ల ముక్క పెట్టుకునేది, పూడిపోకుండా. పొద్దున్నే తీసేసేది. అది ఎందుకో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తాళి, మెట్టెలు, గాజులు, బొట్టు?

బైబిల్‌లో వీటి గురించి ఒక్క మాటా లేదు. మన దగ్గర సి.ఎస్.ఐ., లూథరన్, కేథలిక్ పెళ్లిళ్లలో సిలువో పావురమో ఉన్న తాళి కడతారు, ఉంగరాలూ మార్చుకుంటారు. కేరళ సిరియన్ క్రైస్తవుల మిన్ను మీద చిన్న పూసలతో సిలువ ఉంటుంది, దాన్ని పెళ్లిచీర నుంచి తీసిన ఏడు పోగులతో కడతారు. కొన్ని పెంతెకొస్తు, బ్రదరెన్ సహవాసాల్లో తాళీ ఉంగరమూ రెండూ ఉండవు, చేతిలో బైబిల్ పెట్టి ప్రమాణం చేయిస్తారు. ఇవన్నీ క్రైస్తవ పెళ్లిళ్లే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన ఊళ్లలో గాజులు లేని చేతులు, బొట్టు లేని నుదురు అంటే భర్త పోయినట్టు. మా అమ్మని బస్సులో ఒక పెద్దావిడ చేతులు చూసి "అయ్యో, ఎన్నాళ్లయిందమ్మా?" అంది. మా నాన్న రెండు సీట్ల ముందు కూర్చుని ఉన్నాడు. అమ్మ ఏమీ అనకుండా కొంగు చేతుల మీదికి లాక్కుంది. గాజులు తీయమని చెప్పేవాళ్లు ఆ తీసిన చేతులు ఈ ఊరిలో ఏ మాట చెబుతాయో కూడా ఆలోచించాలి. ఇంకోవైపు, కొందరికి నగ తీయడమే స్వేచ్ఛ. 1915లో కేరళలో కొల్లం దగ్గర పెరినాడులో, అంటరానివాళ్లుగా చూసిన పులయ కులపు స్త్రీలు తమ కులానికి గుర్తుగా పెట్టుకోక తప్పని రాతిపూసల మాలలు తెంచి పడేశారు. నగకి ఒకే అర్థం ఉండదు.

సిలువ లాకెట్ వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. తాయెత్తులా మాత్రం కాదు. అది మెడలో ఉంటే యాక్సిడెంట్ కాదని, దిష్టి తగలదని నమ్మితే సమస్య మొదలైంది. ఆదికాండము 35లో యాకోబు ఇంటివాళ్లు అన్యదేవతలతో పాటు చెవిపోగులు కూడా ఇస్తే, యాకోబు వాటిని షెకెము దగ్గర చెట్టు కింద పాతిపెట్టాడు. ఆ పోగులు దేవతల గుర్తులున్న తాయెత్తుల్లాంటివి కాబట్టే విగ్రహాలతో కలిపి పాతాడని చాలామంది పండితుల అభిప్రాయం, నాకూ అదే సబబనిపిస్తుంది.

అయితే 1979లో యెరూషలేములో కెతెఫ్ హిన్నోము అనేచోట ఒక సమాధిలో గాబ్రియేల్ బర్కాయ్ బృందానికి రెండు చిన్న వెండి రేకులు దొరికాయి. మెడలో వేసుకునేలా చుట్టినవి. ఎంతో జాగ్రత్తగా విప్పితే వాటి మీద "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అన్న సంఖ్యాకాండము 6లోని దీవెన గీసి ఉంది. సుమారు 2,600 ఏళ్ల కిందటివి. బైబిల్ వచనాలు రాసి ఉన్నవాటిలో మనకి దొరికిన అతి పాతవి ఇవే. ఎవరో ఒకరి మెడలోని నగ మీదే అవి మిగిలాయి.

కాటుక, లిప్‌స్టిక్? యెజెబెలు ముఖానికి రంగు పూసుకుంది కదా?

పూసుకుంది, 2 రాజులు 9:30. ఆమె మీద వచ్చిన తీర్పు మాత్రం నాబోతు ద్రాక్షతోట కోసం, దొంగసాక్ష్యాలతో అతన్ని రాళ్లతో కొట్టించినందుకు, ప్రవక్తలను చంపించినందుకు. కాటుక పెట్టుకున్న అమ్మాయిని యెజెబెలు అని పిలవడం ఆ అమ్మాయికీ నాబోతుకీ ఇద్దరికీ అన్యాయం. యిర్మీయా 4, యెహెజ్కేలు 23లలో కూడా కళ్లకి రంగు నమ్మకద్రోహానికి గుర్తుగా వస్తుంది, అది దాచను. కానీ యోబు మూడో కూతురి పేరు కెరెంహప్పుకు. ఆ హీబ్రూ పేరుకి అర్థం కాటుక పెట్టుకునే కొమ్ము. మన మాటలో కాటుక బరిణె. శ్రమలన్నీ దాటి వచ్చిన భక్తుడు తన కూతురికి పెట్టుకున్న ముద్దుపేరు అది.

నేను నల్లగా ఉంటాను. సంబంధాలు తప్పిపోతున్నాయి. దేవుడు అందాన్ని చూడడంటారు, మనుషులు మాత్రం అదే చూస్తున్నారు.

ఈ ప్రశ్న అడిగిన అమ్మాయి ఏడ్చింది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోను.

"నేను నల్లనిదాననైనను సౌందర్యవంతురాలను" అని పరమగీతము 1:5లో ఉంది. ఎండలో ద్రాక్షతోటలు కాపలా కాయబట్టి నల్లబడ్డానని, నన్ను చిన్నచూపు చూడొద్దని ఆమె చెబుతోంది. అంటే రంగు చూసి తక్కువ చేయడం అప్పుడూ ఉంది, వాక్యం ఆ అమ్మాయికే మాట్లాడే అవకాశం ఇచ్చింది. పెళ్లి ప్రకటనలో "ఫెయిర్, రక్షణ పొందిన వధువు కావలెను" అని రాసే విశ్వాసులు ఈ వచనం పక్కన పెట్టుకుని ఆ ప్రకటన మళ్లీ చదవాలి.

బైబిల్ అందం గురించి అబద్ధం చెప్పదు. శారా, రాహేలు, అబీగయీలు, ఎస్తేరు అందగత్తెలని రాసింది. 1 సమూయేలు 16:7లో మనుషులు పైరూపం చూస్తారు, యెహోవా హృదయం చూస్తాడని చెప్పి, అయిదు వచనాలకే దావీదు చూడ్డానికి బాగుంటాడని కూడా రాసింది. సామెతలు 31 చివర్లో సౌందర్యం వ్యర్థం అంటుంది, అదే స్త్రీ పైన 22వ వచనంలో సన్ననార, ఊదా బట్టలు కట్టుకుంది. తను నేసి, అమ్మి సంపాదించిన బట్ట అది. మనకి రక్షకుడిగా వచ్చినవాడి గురించి యెషయా 53 మాత్రం, అతనికి సురూపమూ సొగసూ లేవు అంటుంది. అందంగా లేనని ఎవరైనా చెబితే, ఆ మాట ఆయన గురించీ అన్నారు తల్లీ.

తలలో పూలు? పచ్చబొట్టు?

పూలు వద్దని ఎక్కడా లేదు. పచ్చబొట్టు లేవీయకాండము 19:28లో ఉంది, చచ్చినవారి కోసం దేహం చీరుకోవడంతో కలిపి. క్రీస్తుని తెలుసుకోక ముందు పొడిపించుకున్నవాళ్లు దాన్ని దాచుకుని తిరగాల్సిన పని లేదు.

ప్రకటన గ్రంథంలో మహావేశ్య నగలు పెట్టుకుని ఉంటుంది. అది హెచ్చరిక కాదా?

హెచ్చరికే. 17:4లో ఆమెకి బంగారం, రత్నాలు, ముత్యాలు. చేతిలో అసహ్యంతో నిండిన బంగారు పాత్ర. 18వ అధ్యాయంలో ఆమె కూలినప్పుడు వర్తకులు ఏడుస్తూ సరుకుల చిట్టా చదువుతారు. బంగారంతో మొదలై మనుషుల ప్రాణాలతో ముగుస్తుంది ఆ చిట్టా. 21లో కొత్త యెరూషలేము భర్త కోసం అలంకరించుకున్న పెళ్లికూతురిలా దిగివస్తుంది. బంగారు వీధి, పన్నెండు రత్నాల పునాదులు, ఒక్కో ముత్యంతో ఒక్కో గుమ్మం. అవే వస్తువులు. ఒకదాంట్లో మనుషుల్ని అమ్మి కొన్నవి, ఇంకోదాంట్లో అందరూ నడిచే వీధిలో పరిచినవి.

నగలు తీసేయాలని నా మనసులో గట్టిగా ఉంది. ఇంట్లో అత్తగారు ఒప్పుకోవట్లేదు. ఏం చేయాలి?

మీ మనసులో అది దేవుని మాట అనిపిస్తే దాన్ని గౌరవించండి, నేను ఆపను. రోమా 14 చదవండి, తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. ఆ వరుసలోనే పెట్టుకోండి.

ఒక్కటి మాత్రం అక్కలా చెబుతాను. ఆవేశంలో బంగారం మొత్తం ఎవరి చేతిలోనూ పెట్టేయకండి, సంఘానికైనా సరే. మన ఇళ్లలో ఆడవాళ్ల బ్యాంకు అదే. ఆస్పత్రికి, పిల్లల ఫీజుకి, భర్త వదిలేసి వెళ్లిన రోజుకి అదే అక్కరకొస్తుంది. పెట్టుకోవడం మానేసినా బీరువాలో మీ పేరు మీదే ఉండనివ్వండి. ఇవ్వాలనిపిస్తే నెల రోజులు ఆగి, ఎవరికిస్తున్నారో చూసుకుని ఇవ్వండి. ఊళ్లో కట్నం బాకీలో ఉన్న తండ్రి, డయాలసిస్‌కి తిరుగుతున్న పొరుగావిడ ఎవరైనా ఉంటే ముందు అక్కడికి వెళ్లండి.

అత్తగారితో గొడవ పెట్టుకోవద్దు. ఆవిడ తాళి ఉంచుకోమంటే ఉంచుకోండి, మిగతావి మెల్లగా తగ్గించండి. మా చెల్లెలు చెవులకి రోజూ దుద్దులు పెట్టుకుంటుంది, నేను పెట్టుకోను. ఆదివారం ఒకే బెంచీ మీద అమ్మకి అటొకరం ఇటొకరం కూర్చుంటాం.